చెక్ ఇంజిన్ దీపం ఆరుతూ వెలుగుతోంది: కోడ్ చెరిపేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది 2016 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, 68 వేల కిలోమీటర్లు తిరిగింది. గత వారం ఇంజిన్‌తో సహా వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు, నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్తూ నల్లమల ఘాట్ ఎక్కుతుండగా బండి వణకడం మొదలుపెట్టింది. చెక్ ఇంజిన్ దీపం ఆరుతూ వెలుగుతూ కనిపించింది. ఘాట్ దాటాక వణుకు తగ్గింది గానీ దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. మెకానిక్ స్కానర్ పెట్టి, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చెరిపేసి, పెట్రోల్ కల్తీ అయి ఉంటుందన్నారు. రెండు రోజులకు మళ్లీ అదే వరస. ఇలా బండి నడపవచ్చా? ప్లగ్గులు, కాయిళ్లు అన్నీ ఒకేసారి మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: దీపం ఆరుతూ వెలుగుతున్నంతసేపు నడపకండి. నిలకడగా వెలిగే దీపం తీరిక చూసుకుని తనిఖీ చేయించమని చెబుతుంది. ఆరుతూ వెలిగే దీపం మాత్రం, ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ మండకుండానే బయటికి పోతోందనీ, ఆ మిస్‌ఫైర్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేసే స్థాయికి చేరిందనీ చెబుతుంది. మండని పెట్రోల్, దానితోపాటు వచ్చే ఆక్సిజన్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండడం వల్ల లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోయే ప్రమాదం ఉంది. ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత ఉండే ఆ భాగం ఖరీదుతో పోలిస్తే ప్లగ్గుకు వోల్టేజీ అందించే ఒక కాయిల్ ఖరీదు లెక్కలోది కాదు. దారిలో ఇలా జరిగితే యాక్సిలరేటర్ వదిలి, పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. కన్వర్టర్ అప్పటికే విపరీతంగా కాలి ఉంటుంది కనుక నల్లమలలాంటి చోట ఎండుటాకుల మీద మాత్రం నిలపవద్దు.

కల్తీ పెట్రోల్ అన్న మాట నాకు అంతగా నమ్మబుద్ధి కావడం లేదు. పెట్రోల్ చెడ్డదైతే సాధారణంగా అన్ని సిలిండర్లూ ఇబ్బంది పడతాయి. అందువల్ల మొదట తెలియవలసింది మీ మెకానిక్ చెరిపేసిన ఆ కోడే. సమస్య తిరిగి వచ్చింది కాబట్టి కోడ్ కూడా మళ్లీ నమోదై ఉంటుంది. స్టీరింగ్ కింది 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలించి, ఈసారి చెరిపేముందు కాగితం మీద రాయించుకోండి. పీ0301 నుంచి పీ0304 వరకు ఏది వచ్చినా చివరి అంకె సిలిండర్ సంఖ్యను సూచిస్తుంది. పీ0300 అయితే మిస్ ఒక్క సిలిండర్‌కు పరిమితం కాలేదని అర్థం. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ వేగం, లోడు, ఉష్ణోగ్రత ఎంతెంత ఉన్నాయో కంప్యూటర్ దాచుకున్న వివరాలను కూడా చూడమనండి, ఎందుకంటే కోడ్ చెరిపితే అవీ పోతాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆకట్టుకున్నవి రెండు మాటలు: వాటర్ సర్వీసింగ్, ఘాట్. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లోకి గాలి ఎక్కువగా చేరి పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగినకొద్దీ ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ కింది రబ్బరు తొడుగు చిట్లినా, ప్లగ్గు గుంటలో నీరు నిలిచినా, ఆ వోల్టేజీ ప్లగ్గు కొనదాకా వెళ్లకుండా పక్కనున్న లోహంలోకి జారిపోతుంది. అదే కారు చదును రోడ్డు మీద బుద్ధిగా నడవడానికి కారణం ఇదే కావచ్చు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కోడ్ చూపిన సిలిండర్ కాయిల్‌ను ఊడదీయించండి. గుంటలో నీరుగానీ తుప్పు మరకగానీ ఉంటే గాలి కొట్టి ఆరబెట్టాలి. నూనె ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ వైపు చూడాలి. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద నిలువుగా నల్లని గీత కనిపిస్తే విద్యుత్తు అక్కడే పారిపోతోందన్నమాట. ఆ ప్లగ్గునూ తొడుగునూ కలిపి మార్చాలి. ఇవేవీ లేకపోతే, ఉదాహరణకు పీ0302 వచ్చిందనుకుందాం, రెండో కాయిల్‌ను మూడో దాని స్థానంలో, మూడోదాన్ని రెండో దాని స్థానంలో బిగించి, కోడ్ చెరిపి కొంచెం దూరం నడిపి చూడాలి. కోడ్ పీ0303గా మారితే దోషం కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గులనూ, ఆ తర్వాత ఇంజెక్టర్లనూ అలాగే తారుమారు చేయాలి; అప్పటికీ తేలకపోతే కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో కాయిల్ పీకి ఏది మిస్ అవుతోందో కనిపెట్టే పాత అలవాటును మీ మెకానిక్ చేత చేయించవద్దు. అది కన్వర్టర్‌లోకి మరింత పెట్రోల్ పంపడమే, పైగా షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది.

కాబట్టి నాలుగు కాయిళ్లూ మార్చనక్కర్లేదు. ప్లగ్గుల సంగతి వేరు: మామూలు నికెల్ ప్లగ్గులే ఇప్పటివరకు మార్చకుండా నడిపి ఉంటే, 68 వేలకు వాటి ఆయుష్షు ఎప్పుడో తీరింది, నాలుగూ మార్పించండి. ఇరిడియంవి అయితే మాన్యువల్‌లో ఇచ్చిన గడువు చూసుకోండి.

మరమ్మతు అయ్యాక డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా వస్తే మండని ఇంధనం ఇంజిన్ ఆయిల్‌లోకి దిగినట్టే, ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మార్చాలి. మిస్ పోయిన తర్వాత, కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ0420 కోడ్ వచ్చినా, బండి వేగం అందుకోలేకపోయినా కన్వర్టర్ దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు కన్వర్టర్ ముందు ఎగ్జాస్ట్ పీడనం ఎంత ఉందో కొలిపించి, అది ఎక్కువగా ఉంటే కొత్తదాని ధర అడగండి.