చావింట్లో ఏడుపు నటనేనా?

ప్రశ్న: చావింట్లో అప్పటిదాకా మామూలుగా ఉన్నవాళ్లు, కొత్తగా ఎవరైనా రాగానే గొల్లుమంటారెందుకు? అదంతా నటనా?

నటన పాలు ఉంది, కానీ అబద్ధం కాదు. మా ఊళ్లో చూసిందే చెప్తాను. ఏడ్చి అలసిన ఆడవాళ్లు “డప్పులవాళ్లకి టీ ఇచ్చారా?” అని ఆరా తీస్తుంటారు. వీధి మలుపులో పుట్టింటివాళ్ల ఆటో ఆగుతుంది. అంతే, “నీ తమ్ముడొచ్చాడే, లేవే అక్కా!” అని రాగం మొదలు. ఆ శోకాల్లోనే పోయినామె ఎవరిని పెంచింది, ఎన్ని కష్టాలు పడింది అన్నీ వస్తాయి. వచ్చినవాడు ఒంటరిగా ఏడవకుండా అందరూ గొంతు కలపడం అది. రెండు నిమిషాల్లో మళ్లీ టీ సంగతి.

సంతాపం మనసులోంచి దానంతటదే పొంగేది కాదు, సమూహం మోపే బాధ్యత అని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త దుర్‌ఖైమ్ 1912లోనే అన్నాడు. అందుకే “కోడలు కంటతడైనా పెట్టలేదు” అని చెవులు కొరుక్కుంటారు. ఆ కోడలే మూడేళ్లు మంచంలో ఉన్న అత్తకి అన్నీ చేసి ఉండొచ్చు. ఆ లెక్క ఎవరికీ పట్టదు. (మగవాళ్లకి ఈ పరీక్ష తక్కువ, తలపాగా చుట్టుకుని కట్టెల సంగతి చూస్తే చాలు.) ఆఖరికి వెళ్లేటప్పుడు కూడా “వెళ్లొస్తాను” అనకూడదు, చెప్పకుండా లేచి నడవాలి.