ఐస్ లేని ఊళ్లో ఐస్ హాకీ: తొమ్మిదో తరగతి దాకా ఏం చేయాలి?

ప్రశ్న: రెండేళ్ల కిందట మిన్నెసోటా నుంచి వచ్చేసి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 12 ఏళ్లు, సీబీఎస్‌ఈ ఏడో తరగతి. అక్కడ నాలుగేళ్లు ఐస్ హాకీ ఆడింది, ఇక్కడ ఇన్‌లైన్ హాకీ (చక్రాల స్కేట్లతో నేల మీద ఆడేది) ఆడుతోంది. ప్రొఫెషనల్ ప్లేయర్నే అవుతానంటోంది. తనది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉంది. ఇక్కడే ఉంటే ఇది కుదురుతుందా? ప్రాక్టీసు కోసం ఓపెన్ స్కూల్‌కి మార్చమంటారా?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న. స్కూలు మార్చకండి. అమ్మాయిలకు ప్రొఫెషనల్ ఐస్ హాకీకి దారి దాదాపుగా అమెరికా కాలేజీ జట్ల మీదుగానే వెళుతుంది. వాటిలో పై స్థాయి అయిన ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ క్రీడల సంస్థ) డివిజన్-1లో ఆడాలంటే 9 నుంచి 12 తరగతుల దాకా 16 కోర్ కోర్సులు (తప్పనిసరి ఏడాది సబ్జెక్టులు) ఉండాలి: ఇంగ్లిష్ 4, లెక్కలు 3, సైన్సు 2, సాంఘికం 2, ఇంగ్లిష్, లెక్కలు, సైన్సుల్లో ఏదో ఒకటి అదనంగా 1, మిగతా 4 ఇవే సబ్జెక్టుల నుంచో విదేశీ భాష లాంటి వాటి నుంచో. 16లో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి, వాటిలో జీపీఏ (4కి లెక్కగట్టే సగటు గ్రేడు) 2.3కి తగ్గకూడదు. ఏ ఏడాదికి ఆ ఏడాది మార్కుల రికార్డు అడుగుతారు. ఓపెన్ స్కూల్లో చేర్చి, తొమ్మిది ఎగ్గొట్టి నేరుగా పది పరీక్ష రాయిస్తే చిక్కు వచ్చేది అక్కడే, అది బయటపడేసరికి దిద్దుకోవడానికి టైమ్ ఉండదు.

ఇక ఉద్యోగాల సంగతి. అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్ 2024 జనవరిలో మొదలైంది. 2025-26 సీజన్‌లో 8 జట్లు, జట్టుకు దాదాపు 23 మంది. అంటే మొత్తం రెండొందల లోపు చోట్లు, వాటికోసం అమెరికా, కెనడా, యూరప్ అమ్మాయిలంతా పోటీ. తొలి సీజన్‌లో కనీస జీతం ఏడాదికి 35,000 డాలర్లు. జీవితం మొత్తం దీని మీదే నిలబెట్టేంత డబ్బు కాదిది. అందుకే నేను కాలేజీ స్కాలర్‌షిప్‌నే అసలు గమ్యంగా పెట్టుకోమంటాను. ప్రొఫెషనల్ కాలేకపోయినా మంచి డిగ్రీ చేతికొస్తుంది.

పాస్‌పోర్టు విషయం కూడా ఇప్పుడే అమ్మాయికి చెప్పేయండి. 2025లో మన అమ్మాయిల జట్టు ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది, మన పిల్లలకు అది చిన్న విషయం కాదు. కానీ ఓసీఐ కార్డుతో భారత జట్టుకు ఆడనివ్వరు. తన విషయంలో ఆ తలుపు మూసుకున్నట్టే. బదులుగా అమెరికాలో చదువుకు, ఆటకు వీసా బెడద లేదు.

తేదీల ప్రకారం చూస్తే, పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 నుంచి కాలేజీ కోచ్‌లు అమ్మాయిలతో నేరుగా మాట్లాడొచ్చు. అప్పటికి తను అక్కడి మ్యాచ్‌ల్లో కోచ్‌ల కళ్లబడి ఉండాలి. అంటే తొమ్మిదో తరగతికల్లా అమెరికా తిరిగి వెళ్లాలి, బంధువుల ఇంట్లో ఉంచో, మిన్నెసోటాలోని షాటక్-సెయింట్ మేరీస్ లాంటి హాకీ ఉన్న బోర్డింగ్ స్కూల్లో చేర్చో. ఇల్లు కదిలించే నిర్ణయానికి మీ చేతిలో ఉన్నది ఏడాదిన్నర.

ఈలోగా బెంగళూరులో ఏం చేయాలి? ఇన్‌లైన్ మానొద్దు. పాసింగ్, ఖాళీ చూసి పరుగెత్తడం అందులోనే బతికుంటాయి. కానీ అది ఐస్‌కి బదులు కాదు. చక్రం నేలను పట్టుకుంటుంది. ఐస్ బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు, అడుగున పొడుగునా సన్నటి గాడి, గాడికి అటూ ఇటూ రెండు అంచులు. ఆగాలంటే పాదాలు అడ్డంగా తిప్పి, మోకాళ్లు బాగా వంచి, ఆ అంచులతో ఐస్‌ని చెక్కుతూ ఆగాలి. చక్రాలకే అలవాటుపడిన పిల్ల ఐస్ మీద అడ్డం తిరగడానికి జంకి వెడల్పుగా చుట్టి వస్తుంది, ఈలోగా పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎవరో తీసుకుపోతారు. ఇంకొకటి, చాలామంది తమకు వాటమైన వైపే ఆగుతారు. కుడికీ ఎడమకీ సమానంగా ఆగగలిగేదాకా ఐస్ దొరికిన ప్రతిసారీ మొదటి పది నిమిషాలు దీనికే ఇవ్వండి.

ఐస్ పక్ బరువు 156 నుంచి 170 గ్రాములు, ఇన్‌లైన్ పక్ తేలిక. మణికట్టు బలం పోకుండా డాబా మీద నున్నటి ప్లాస్టిక్ షీటు పరిచి అసలు పక్‌తోనే రోజూ 20 నిమిషాలు ఆడించండి. కొత్త స్టిక్ కొంటే స్కేట్లు లేకుండా నిలబడితే ముక్కు దాకా, వేసుకుంటే గడ్డం దాకా రావాలి. ఫ్లెక్స్ (స్టిక్ ఎంత బిగువో చెప్పే అంకె) పౌండ్లలో బరువుకు సగం చొప్పున చూసుకోండి: 40 కిలోలుంటే, అంటే 88 పౌండ్లు, 40-45. స్కేట్లు మాత్రం "ఎదిగే పిల్ల కదా" అని రెండు సైజులు పెద్దవి కొనకండి, చీలమండ లోపల ఊగి పాడు అలవాట్లు పడతాయి. బ్లేడ్లు కత్తులకు సాన పట్టేవాళ్లకి అస్సలు ఇవ్వొద్దు, గాడి అరిగిపోయి అంచులు మాయమవుతాయి.

పూర్తి కొలత ఐస్ కోసం ఊరు దాటాల్సిందే. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలకు కట్టిన రింకు (ఐస్ మైదానం) ఉంది, తెరిచి ఉందో లేదో కనుక్కున్నాకే టికెట్లు తీయండి. జనవరిలో లేహ్ వెళితే అది దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. దిగాక కనీసం రెండు రోజులు విశ్రాంతి, తలనొప్పి, వాంతులు ఉంటే రింకు మాటే వద్దు.

వచ్చే జూన్‌లో స్కూల్లో రెండు వారాలు సెలవు అడిగి మిన్నెసోటాలో తన వయసు పిల్లల క్యాంపుకి పంపండి. మన వేసవి సెలవుల్లోనే పంపుదామంటే కుదరదు, అక్కడి క్యాంపులు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు మధ్యే ఉంటాయి. చివరి రోజు కోచ్‌ని ఒక్కటే అడగండి: ఈ అమ్మాయి ఇవాళ సెలెక్షన్‌కి వస్తే ఏ స్థాయి జట్టులో తీసుకుంటారు? ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకుని, అప్పుడు ఇల్లు కదిలించే సంగతి మాట్లాడుకోండి.