ముందు మీ ఆవిడ సంగతి చూడండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విశాఖపట్నం మధురవాడలో ఉంటాం. ఐటీ ఉద్యోగం. ఇంట్లో అమ్మ, నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప. అమ్మకు 62. నాన్న పోర్టులో పనిచేసేవారు. 'ఓవర్‌టైం ఉంది' అని చెప్పి తాగడానికి వెళ్లేవారు. జీతం రోజున అమ్మ గేటు దగ్గర కాపు కాసేది. నేను ఇంటర్‌లో ఉండగా లివర్ పాడై పోయారు. నాకు క్రాఫ్ట్ బీరంటే, అంటే చిన్న బ్రూవరీల్లో కొద్దికొద్దిగా కాచే బీరంటే ఇష్టం. పెళ్లికి ముందు బెంగళూరులో పనిచేసేటప్పుడు ఇందిరానగర్‌లోని టాయిట్ అనే బ్రూవరీలో మొదటిసారి రుచి చూశాను. అప్పట్నుంచి ఏ ఊరు వెళ్లినా అక్కడి బ్రూవరీ చూసే వస్తాను. మా ఆవిడా వస్తుంది. పాపను అమ్మ చూసుకుంటుంది. విశాఖలో మాత్రం చుక్క ముట్టను. అమ్మకు ఆఫీసు ట్రైనింగ్ అనో, గుడికనో చెప్తాం. మొన్న బెంగళూరు, మైసూరు వెళ్లొచ్చాక నా బ్యాగులో బట్టలు తీస్తుంటే బ్రూవరీల్లో గ్లాసు కింద పెట్టే అట్ట బిళ్లలు అమ్మకు దొరికాయి. అవి నేను దాచుకుంటాను. పాపను చదవమంటే గట్టిగా చదివేసింది. 'నువ్వు రాకముందు నా కొడుకు వాసన కూడా ఎరగడు, పక్కన కూర్చుని నువ్వే పోయించావు' అని అమ్మ మా ఆవిడ మీద పడింది. గొడవ పెరగకూడదని నేను బండి తీసి రుషికొండ వైపు వెళ్లిపోయాను. తను కొంచెం ఫీలైంది. క్రాఫ్ట్ బీరు తాగుడు కాదని అమ్మకు ఎలా నచ్చజెప్పాలి? డిసెంబరులో పుణె వెళ్దామనుకుంటున్నాం, ఏం చెప్పి వెళ్లాలి? ఇప్పుడు మా ఆవిడ ఎక్కడికీ రానంటోంది, ఆమెను ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో సగం బీరు గురించే ఉంది. గోధుమలతో చేసే వీట్ బీరులో అరటిపండు వాసన, లవంగం వాసన వస్తాయనీ, అవి ఎవరో కలిపినవి కావనీ, పులిసేటప్పుడు ఈస్టే వాటిని పుట్టిస్తుందనీ ఎంతో ఇష్టంగా రాశారు. ఏల్ రకం బీరు తొందరగా తయారవుతుందనీ, లాగర్ రకం చల్లటి ట్యాంకుల్లో వారాల తరబడి ఆగాలనీ రాశారు. చెక్ దేశంలో 1842లో మొదటి పిల్సనర్ అనే లాగర్ బీరు కాచిన పిల్సెన్ ఊరికి ఎప్పటికైనా మీ ఆవిడను తీసుకెళ్లాలన్న కోరికా రాశారు. చదువుతుంటే నాకు ముచ్చటేసింది. ఒక పనితనాన్ని ఇంత శ్రద్ధగా గమనించే మనిషి చెడ్డవాడు కాడు. కానీ అదే మనిషి తన భార్యకు జరిగిన అవమానం గురించి రాసింది 'తను కొంచెం ఫీలైంది' అన్న ఒక్క ముక్క. ఈస్టుకు ఒక పేజీ ఇచ్చి, ఆమెకు ఒక ముక్క ఇచ్చారు. నేను అక్కడే ఆగిపోయాను.

మీ మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. అమ్మగారికి నచ్చజెప్పకండి. ఆ ప్రయత్నమే మానుకోండి. ఒకటి, మీ వాదన నిలబడదు. 5 శాతం బీరు అర లీటరు తాగితే ఒంట్లోకి వెళ్లే ఆల్కహాలు 25 మిల్లీలీటర్లు. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది దాదాపు 13. అంటే మీ ఒక్క గ్లాసు రెండు పెగ్గులకు ఇంచుమించు సమానం. రుచి వేరు, వాతావరణం వేరు, మీరు వెళ్లే చోట్లు వేరు, ఒప్పుకుంటాను. లివర్‌కి ఆ తేడాలేవీ తెలియవు. ఇంత తాగితే ఏ ప్రమాదమూ లేదని చెప్పదగ్గ మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. తండ్రి తాగుడుతో పోయినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, అది రక్తంలోనూ వస్తుంది. మీరు ఏడాదిలో కొన్నిసార్లే, అదీ ప్రయాణాల్లోనే తాగుతానంటున్నారు కాబట్టి మిమ్మల్ని తాగుబోతు అనను. ఆ హద్దు మీదే, దాన్ని కాపాడుకోవలసిందీ మీరే.

రెండు, ఎవరికి నచ్చజెప్పబోతున్నారో ఆలోచించండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు మీ అమ్మగారికి ముప్పై దరిదాపుల్లో ఉంటాయి. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ రెండేళ్లూ జీతం డబ్బు చెక్కు చెదరకుండా ఇల్లు చేరిన కుటుంబాలు నాకు తెలుసు. దొంగసారా వల్ల ఆ సుఖానికీ నోచుకోని కుటుంబాలూ తెలుసు. మీ ఇంట్లో ఆ రెండేళ్లు ఎలా గడిచాయో అమ్మగారిని ఎప్పుడైనా అడిగారా? ఆమె దగ్గర కూర్చుని బీరులో వేసే హాప్స్ పూల గురించి చెప్పాలనుకునే కొడుకు, ముందు ఆ గేటు దగ్గర ఎంతసేపు నిలబడేదానివమ్మా అని అడగాలి. బీరు వాసనను అసహ్యించుకునే హక్కు ఆమెకు చచ్చేదాకా ఉంది. ఆ హక్కును వాదనతో లాక్కోవద్దు.

ఇక అసలు విషయం.

ఆ రోజు మీ హాల్లో ఉన్నది నలుగురు. అట్ట బిళ్లలు చేతిలో పట్టుకున్న అమ్మగారు. తను చదివిన మాటకు ఇల్లంతా ఎందుకు అట్టుడికిపోయిందో తెలియని పాప. తల వంచుకు నిలబడ్డ మీ ఆవిడ. మీరు. 'నువ్వు రాకముందు నా కొడుకు వాసన కూడా ఎరగడు' అన్న మాట అబద్ధమని ఆ నలుగురిలో కచ్చితంగా తెలిసినవాళ్లు ఇద్దరు. మీ ఆవిడ చెప్తే ఎవరూ నమ్మరు. అత్తగారికి ఎదురు చెప్పిందన్న ఇంకో మాట వస్తుంది. మీరు చెప్తే అక్కడితో ఆగిపోయేది. 'అమ్మా, ఇది పెళ్లికి ముందునుంచీ నాదే' అంటే సరిపోయేది. ఆ ఒక్కమాట చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి బండి తాళం తీసుకుని బయటికి నడిచాడు.

గొడవ పెరగకూడదని వెళ్లానంటున్నారు. గొడవ మీకు పెరగలేదు, అంతే. ఇంట్లో మిగిలిన మనిషికి అది రాత్రిదాకా సాగింది. మీరు సముద్రం గాలి పీల్చుకుని తిరిగొచ్చేసరికి ఆమె అదే వంటింట్లో, అదే అత్తగారికి అన్నం పెట్టి, పాపకు హోంవర్క్ చేయించి ఉంటుంది. మీరు ఆ సంగతి రాయలేదు. కానీ మన ఇళ్లలో కోడలు అలగడానికి కూడా తీరిక ఉండదని నాకు తెలుసు.

ప్రసాదం సంగతి కూడా ఉత్తరంలో రాశారు. మీరు తేలిగ్గానే రాశారు, నాకు మాత్రం అది మింగుడుపడలేదు. మైసూరు చాముండి కొండ మీద గుడిలో పావుగంట ఉండి, లడ్డూలు కొని, ఇంటికొచ్చాక మీ ఆవిడ చేతికిచ్చి అమ్మగారికి ఇప్పించారు. ఆవిడ కళ్లకద్దుకుని, దేవుడి ముందు పెట్టి, పక్క ఫ్లాట్లవాళ్లకు కూడా పంచారు. అబద్ధం మీది, అది వెళ్లింది మాత్రం ఆమె చేతి మీదుగా. ఇప్పుడు అమ్మగారి కళ్లకు కనిపించేది ఆ చెయ్యే. కొడుకు ఆడిన అబద్ధం కూడా కోడలి ఖాతాలోనే పడుతుంది మన ఇళ్లలో. ఇది తెలియనంత అమాయకులు కారు మీరు.

మీ ఆవిడ ఒకటి రెండు గుక్కలు రుచి చూస్తుందని రాసి, వెంటనే 'తనకు అలవాటేమీ లేదండి' అని సంజాయిషీ ఇచ్చుకున్నారు. ఆమె తాగిందా, నిమ్మకాయ సోడా తాగిందా అన్నది నాకు అనవసరం. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరిలో మగవాడిది సరదా, ఆడదానిది బరితెగింపు అనే లెక్కను నేను ఒప్పుకోను. ఆ లెక్క అమ్మగారి నోట వచ్చిందంటే ఆ వయసు, ఆ అనుభవం అనుకోవచ్చు. మీరు మౌనంగా ఊరుకోవడంతో అది మీ లెక్క కూడా అయిపోయింది. మీ ఆవిడకు తగిలిన దెబ్బ అదే. అత్తగారి మాటలు ఆమె మర్చిపోగలదు. మీరు లేచి వెళ్లిన వెళ్లడం మర్చిపోవడం కష్టం.

కాబట్టి మీ మూడో ప్రశ్నలో ఒప్పించడానికి ఏమీ లేదు. ఆమెకు పుణె మీద కోపం లేదు, బీరు మీద కోపం లేదు. ఈసారి దొరికిపోతే మళ్లీ తననే ముందుకు తోస్తారని తెలిసింది కాబట్టి రానంటోంది. ఆత్మగౌరవం ఉన్న ఏ మనిషైనా అలాగే అంటుంది.

చేయాల్సింది చెప్తాను. ముందు మీ ఆవిడతో ఒంటరిగా మాట్లాడండి. 'అమ్మ సంగతి నీకు తెలుసు కదా' అని మొదలుపెట్టకండి, ఆ మాట ఆమె పెళ్లయినప్పటినుంచి వింటూనే ఉంటుంది. 'ఆ రోజు నేను వెళ్లిపోవడం తప్పు, నా అబద్ధాలు నీచేత మోయించడం తప్పు' అని చెప్పండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, తిడితే పడండి. అప్పుడు కూడా బయటికి వెళ్లకండి.

ఆ తర్వాత అమ్మగారి దగ్గర, మీ ఆవిడ పక్కన ఉండగానే చెప్పండి. 'అమ్మా, బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పటినుంచి నేను అప్పుడప్పుడు బీరు తాగుతాను. తను నాకు నేర్పలేదు. గుడికని చెప్పింది నేను, ప్రసాదం కొని ఇప్పించింది నేను. నువ్వు తనను అన్న మాటలన్నీ నన్ను అనాలి.' అంతకుమించి వద్దు. మాల్ట్ వద్దు, శాతాలు వద్దు, ఫారిన్‌లో అందరూ తాగుతారన్న మాట అసలే వద్దు.

అమ్మకు బీపీ, షుగర్, తట్టుకోలేదు అని రాశారు. ఇరవై ఏళ్లు ఒక తాగుబోతుతో కాపురం చేసి, కొడుకును ఇంజనీరును చేసిన మనిషి ఆవిడ. తట్టుకుంటారు. మీ నాన్నగారు 'ఓవర్‌టైం' అనేవారు, మీరు 'ఆఫీసు ట్రైనింగ్' అంటున్నారు. ఆవిడ భయమంతా అక్కడుంది. మీ చేతిలో గ్లాసు ఉందని తెలిసినదానికంటే, మీ నోట మీ నాన్న మాట విన్నందుకు ఎక్కువ బెదిరిపోయి ఉంటారు. అందుకే మీరు తన దగ్గర ఇంక ఏమీ దాచరన్న నమ్మకం ఆవిడకు కావాలి. అది కుదరడానికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేను. రెండు రోజులు అన్నం ముట్టకపోవచ్చు. అనకాపల్లిలో అన్నయ్య ఉన్నారని రాశారు, అక్కడికి వెళ్లిపోతానని సంచి సర్దుకోవచ్చు. వెళ్లనివ్వండి. తీసుకురావడానికి మాత్రం మీరే వెళ్లండి. 'నువ్వొకసారి ఫోన్ చేసి అత్తయ్యకు సారీ చెప్పు' అని మీ ఆవిడను అడిగారంటే చేసిందంతా వృథా.

అమ్మగారు ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వను. ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. ఇంట్లోకి సీసా రానివ్వకపోవడం, ఆ వాసనతో ఆవిడ ముందుకు రాకపోవడం, ఈ రెండూ కొడుకుగా మీ బాధ్యత. మీరు ఊళ్లు తిరిగినన్నాళ్లూ పాపకు జడ వేసి, స్కూలు ఆటో ఎక్కించింది ఆ చేతులే. ఎక్కడికి వెళ్తున్నారో తెలుసుకునే హక్కు ఆవిడకు లేదా? రెండో ప్రశ్నకు ఇదే నా జవాబు. నిజం చెప్పి వెళ్లండి. ఆవిడ పాపను చూడనంటే ఆ ట్రిప్ మానుకోండి.

పాపతో కూడా మాట్లాడండి. తను చదవడం వల్లే ఇంట్లో గొడవైందని పిల్ల మనసులో పడిపోయి ఉంటుంది. 'నువ్వు చేసిన తప్పేమీ లేదు, చదవమంటే చదివావు' అని మీరే చెప్పండి. 'నానమ్మకు చెప్పకు' అనే మాట ఆ పిల్ల ముందు ఇంకెప్పుడూ రాకూడదు.

ఇంకొకటి. ప్రయాణాల్లో అద్దె కారు మీరే నడుపుతానని రాశారు. బ్రూవరీకి వెళ్లే రోజు నడపకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారికే పదివేల జరిమానా, ఆరు నెలలదాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. చట్టం సరే, మీ పక్క సీట్లో కూర్చునేది ఎవరు?

అట్ట బిళ్లలు అమ్మగారు చెత్తబుట్టలో వేసేశారని బాధపడ్డారు. వాటి గురించి ఇప్పుడు ఎవరి దగ్గరా ఎత్తకండి. పుణె టికెట్లు ఇంకా బుక్ చేయలేదు కదా, చేయకండి. ఈ ఏడాది ఎక్కడికి వెళ్లాలో, అసలు వెళ్లాలో వద్దో మీ ఆవిడ చెప్తుంది. ఆ ఊళ్లో బ్రూవరీ ఉందా లేదా అని ఆమెను అడగకండి.