చిన్న కాలేజీలో హిస్టరీ డిగ్రీ చదివితే వెనకబడిపోతామా?

మీ ప్రశ్న ఇది: హిస్టరీ అంటే ఇష్టం, సీటు మాత్రం చిన్న కాలేజీలో వచ్చింది, డిపార్ట్‌మెంటులో ముగ్గురే టీచర్లు, లైబ్రరీ చూస్తే రెండు గదులు. పెద్ద యూనివర్సిటీలో చదివేవాళ్ల కంటే వెనకబడిపోతానేమో అని మీ టెన్షన్.

కొన్నిటిలో వెనకబడతారు. నేను అలాంటి చోటే డిగ్రీ చేసి, పీజీకి పెద్ద యూనివర్సిటీకి వెళ్లాను. కాబట్టి ఎక్కడ వెనకబడ్డానో, ఎక్కడ కాస్త ముందున్నానో రెండూ చెప్పగలను.

మా క్లాసులో 11 మందిమి. 11 మంది ఉన్న గదిలో వెనక బెంచీ అంటూ ఉండదు. చదవకుండా వెళ్తే పది నిమిషాల్లో దొరికిపోయేవాణ్ని. మొదటి సెమిస్టర్‌లోనే మేడమ్ ఒకరు మాకు నాలుగైదు పేజీల పత్రం ఒకటి అనువాదంలో ఇచ్చారు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన పడమటి రాజ్యం మీద అధికారాన్ని పోప్‌కు రాసిచ్చినట్టు చెప్పే దానపత్రం అది. దాని వెనక కథేమీ చెప్పలేదు. "రెండు వారాలు దీన్నే చదవండి, ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి" అన్నారంతే. అది బయటి పుస్తకాలేవీ చూడకూడదనే షరతు మీద.

నాకు ఏ తేడా కనిపించలేదు. చక్రవర్తి సంతకం ఉంది, గంభీరమైన భాష ఉంది, ఇంకేం కావాలి? నా స్నేహితురాలు పట్టుకుంది. ఆ పత్రంలో చక్రవర్తి తాను తూర్పుకు వెళ్లి బైజాంటియంలో తన పేరుతో ఒక కొత్త నగరం, అంటే కాన్‌స్టాంటినోపుల్, కట్టబోతున్నానంటాడు. కానీ అంతకు ముందే, రోమ్ పోప్‌కి కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవ పీఠం మీద కూడా పెద్దరికం ఇస్తున్నానంటాడు. ఇంకా కట్టని ఊళ్లో పీఠం ఎక్కడినుంచి వచ్చింది? ఆమె ఈ మాట అనగానే క్లాసంతా గొల్లుమంది. అప్పుడు చెప్పారు మేడమ్: 1440లో లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు ఇలాంటి పొరపాట్లే ఏరి, ఇది దొంగపత్రమని తేల్చాడని. రోమన్ అధికారుల మధ్య 'సాత్రప్' అనే, పర్షియా రాష్ట్రాల పాలకులకు వాడే మాట ఎలా వచ్చిందని నిలదీశాడని. నిజానికి ఆ పత్రాన్ని పుట్టించింది కాన్‌స్టంటైన్ పోయిన నాలుగు వందల ఏళ్లకు, 8వ శతాబ్దంలో.

మా లైబ్రరీలో ఆ విషయం మీద పది పుస్తకాలు ఉండి ఉంటే ఆ పదీ తెచ్చుకుని, అందులో ఉన్నది దించి రాసేవాళ్లం. లేవు కాబట్టి ఆ నాలుగు పేజీలనే పిండాం. చిన్న కాలేజీ నాకు ఇచ్చినదాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే ఈ రెండు వారాల గురించే చెప్తాను.

రెండోది, మనం రాసింది ఎవరో ఒకరు చదువుతారు. మార్కు వేసి పక్కన పెట్టడం కాదు, చదవడం. నా మొదటి వ్యాసం తిరిగొచ్చినప్పుడు మార్జిన్ నిండా ఒకటే ప్రశ్న: "ఎవరు?" నేను "పన్నులు పెంచబడ్డాయి" అని రాశాను. పక్కన ఎర్ర ఇంకుతో "ఎవరు పెంచారు?" "ప్రజలచే వ్యతిరేకించబడింది" అని రాశాను. "ఏ ప్రజలు? భూమి ఉన్నవాళ్లా, లేనివాళ్లా?" స్కూల్ పాఠ్యపుస్తకాల నుంచి మనకు అబ్బే ఈ "బడ్డాయి, బడెను" భాషలో ఒక సౌకర్యం ఉంది. పని జరిగిపోతుంది, చేసినవాడు కనపడడు. చరిత్ర రాసేవాడికి ఆ సౌకర్యం పనికిరాదు. నాకు ఆ అలవాటు వదలడానికి ఏడాదిన్నర పట్టింది, అదీ ప్రతి పేజీ మీదా ఒకరు కూర్చుని గీతలు గీస్తే. వంద మంది ఉన్న క్లాసులో ఒక టీచరుకి అంత ఓపిక ఉన్నా తీరిక ఉండదు.

ఇక నష్టాలు. వీటిని తక్కువ చేసి చెప్పను.

ముగ్గురు టీచర్లంటే మూడు కిటికీలు. మా వాళ్లలో ఒకరిది ప్రాచీన కాలం, ఒకరిది ఆధునిక యూరప్, ఒకరిది వలసపాలన. చైనా గురించి, ఆఫ్రికా గురించి డిగ్రీ అయ్యేసరికి నాకు తెలిసింది దాదాపు సున్నా. రెండో ఏడాది మధ్యలో ముగ్గురిలో ఒకరు ఉద్యోగం మారారు. ఆ పేపరు ఒక సెమిస్టర్ పాటు గాల్లో వేలాడింది. చివరికి వేరే సబ్జెక్టు ఆయన వచ్చి నోట్సు చదివి వెళ్లేవారు. పెద్దచోట ఒకరు పోతే ఇంకొకరుంటారు, చిన్నచోట ఒకరు పోతే మూడో వంతు డిపార్ట్‌మెంటు పోయినట్టే.

దీనికంటే లోతైన నష్టం ఇంకొకటుంది. అది అక్కడున్నప్పుడు తెలియదు. ఒక కాలాన్ని మూడేళ్లూ ఒకే మనిషి దగ్గర నేర్చుకుంటే ఆ మనిషి అభిప్రాయమే చరిత్ర అనుకుంటాం. ఫ్రెంచి విప్లవం అంటే పైకొస్తున్న బూర్జువా వర్గం, అంటే వ్యాపారులూ పెట్టుబడిదారులూ, పాత భూస్వామ్య వ్యవస్థను కూలదోయడం అని సార్ చెప్పారు. చాలా అందంగా చెప్పారు, అలాగే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పీజీ మొదటి సెమినార్లో అదే ధీమాగా చెప్పాను. "మరి కోబన్ అన్నదానికి ఏమంటావు?" అని ఎవరో అడిగారు. కోబన్ అంటే ఊరో మనిషో కూడా నాకు తెలీదు. ఆల్ఫ్రెడ్ కోబన్ అనే ఇంగ్లిష్ చరిత్రకారుడు 1954లోనే లండన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చి, ఈ బూర్జువా విప్లవం కథ ఒక పురాణం అన్నాడట. విప్లవం మొదలైన 1789లో ముందున్నవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీల యజమానులు కారు, లాయర్లూ ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్లూ అని ఆయన వాదన. ఆ తర్వాత ఫ్రాన్స్‌లోనే ఫ్రాన్సువా ఫ్యురే లాంటి చరిత్రకారులు ఇంకో వైపు నుంచి దెబ్బ కొట్టారు. దశాబ్దాలుగా కొట్టుకుంటున్న విషయాన్ని నేను తేలిపోయిన విషయంలా చెప్పి కూర్చున్నాను. ఆ రోజు చెవులు ఎర్రబడ్డాయి. మా సార్ మీద కోపం కూడా వచ్చింది. ఇప్పుడు లేదు. ఆయన చెప్పింది తప్పు కాదు, ఒక పక్షం. రెండో పక్షం చెప్పడానికి పక్క గదిలో ఇంకొకరు లేరు, అదీ సమస్య.

మీరు చేరితే దీనికి విరుగుడు మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి. ఏ పాఠమైనా అయిపోయాక టీచర్నే అడగండి: "ఈ విషయంలో మీతో ఒప్పుకోని చరిత్రకారులు ఎవరు?" అని. మంచి టీచరైతే ముచ్చటపడి రెండు పేర్లు చెప్తారు. చిరాకుపడ్డారంటే అదీ మీకు తెలియాల్సిన సంగతే.

"అక్కడ పేరున్న ప్రొఫెసర్లు పాఠం చెప్తారు కదా" అని కూడా రాశారు. చెప్తారు, అది లాభమే. కానీ పేరు ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని నమ్మే వీలు ఈ సబ్జెక్టులో లేదు. 1983లో స్టెర్న్ అనే జర్మన్ పత్రిక హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించినప్పుడు, హిట్లర్ చివరి రోజుల మీద పుస్తకం రాసిన చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ అంతటివాడు మొదట అవి నిజమైనవే అన్నాడు. రెండు వారాల్లో జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ అవి నకిలీవని తేల్చింది. కాగితంలో ఉన్న తెల్లదనం తెచ్చే రసాయనం యుద్ధం అయ్యాక వాడకంలోకి వచ్చింది. మా కాలేజీలో ఆ రెండు వారాలు దొంగపత్రంతో కుస్తీ పట్టినవాడిగా ఈ కథ అంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం, ఒప్పుకుంటాను.

లైబ్రరీ సంగతి. పుస్తకాలు లేవని మేం గొణిగినప్పుడల్లా సార్ ఫ్రెంచి చరిత్రకారుడు ఫెర్నాండ్ బ్రోడెల్ కథ ఎత్తుకునేవారు. 1940లో జర్మన్లకు చిక్కి ఐదేళ్లు యుద్ధఖైదీగా ఉన్న బ్రోడెల్, మధ్యధరా సముద్ర ప్రపంచం మీద తన మహాగ్రంథం చిత్తుప్రతిని ఆ శిబిరంలోనే స్కూలు నోటుపుస్తకాల్లో రాశాడు. అది 1949లో అచ్చయింది. లైబ్రరీ లేకుండానే రాశాడు చూడండి, అనేవారు సార్. చాలా కాలం నేను కూడా దీన్ని ఇతరులకు చెప్పుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఖైదుకు ముందు పదేళ్లకు పైగా ఆయన స్పెయిన్, ఇటలీ, డుబ్రోవ్నిక్ ఆర్కైవ్‌లలో తిరిగాడని, కాగితాలను ఫొటోలు తీయడానికి పాత సినిమా కెమెరా ఒకటి కొనుక్కున్నాడని. అంటే శిబిరానికి వెళ్లేటప్పుడు లైబ్రరీ ఆయన తలలో ఉంది. నా తలలో లేదు.

కాబట్టి లైబ్రరీ చిన్నదైతే వేరే దారులు వెతకాల్సిందే. ఇప్పుడు ఆ దారులు మా రోజుల కంటే చాలా ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పుస్తకాలు, జేస్టోర్‌లో సొంత ఖాతాతో ఉచితంగా చదవగలిగే వ్యాసాలు. వేరే లైబ్రరీల నుంచి పుస్తకం అరువు తెప్పించే ఏర్పాటు ఉందేమో అడగండి. లైబ్రేరియన్‌తో స్నేహం చేయండి. మా లైబ్రేరియన్ గారు లేకపోతే నా డిజర్టేషన్, అంటే చివరి ఏడాది సొంతంగా చేసే పరిశోధన వ్యాసం, లేదు.

ఆ డిజర్టేషన్ గురించి చెప్పాలి, అసలు నేర్చుకున్నది అక్కడే. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల అచ్చు ప్రతులు, 1674 నుంచి 1913 దాకా, ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, మాట కొట్టి వెతకొచ్చు. రెండు గదుల లైబ్రరీ ఉన్నవాడికి ఇది నిధి. నా ప్రశ్న చిన్నది: 18వ శతాబ్దంలో మామూలు మనుషులకు టైమ్ ఎంతైందో ఎలా తెలిసేది? సాక్షులు కోర్టులో "అప్పుడు పది దాటింది" అంటారు కదా, ఎలా తెలిసిందంటారు?

'వాచ్' అనే మాట కొట్టి వెతికాను. వందలకొద్దీ వచ్చాయి. అబ్బో, అందరి దగ్గరా గడియారాలున్నాయన్నమాట అని ఉత్సాహంగా లెక్కలు కట్టి, పట్టిక వేసి, మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ పది కేసులు తెరిచి చదివి, పట్టిక మీద అడ్డంగా గీత కొట్టారు. 1829లో మెట్రోపాలిటన్ పోలీసు రాకముందు లండన్ వీధుల్లో రాత్రి కాపలా కాసేవాళ్లనీ 'వాచ్' అనే అనేవారు. దొంగ పారిపోతుంటే జనం కేకేసింది కాపలావాళ్లను, నేను లెక్కపెట్టింది గడియారాలను! నెల రోజుల పని పోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు.

మళ్లీ ఒక్కో కేసు తెరిచి చదువుతుంటే తమాషా సంగతి బయటపడింది. ఆ కాపలావాళ్లు రాత్రిళ్లు వీధుల్లో తిరుగుతూ గంట ఎంతైందో అరిచేవాళ్లు. సాక్షులు కొందరు "వాచ్‌మన్ పన్నెండు అని అరవడం విన్నాను, అందుకే తెలుసు" అంటారు. అంటే నేను పొరపాటున లెక్కపెట్టిన మనుషులు కూడా ఒక రకంగా గడియారాలే. నా డిజర్టేషన్లో బాగున్న అధ్యాయం అదొక్కటే. ఆ అచ్చు ప్రతుల మీద కూడా పూర్తిగా ఆధారపడలేమని, అవి అమ్మకం కోసం వేసినవని, చాలాచోట్ల మాటలు కుదించేవారని ఇంకో పేజీ రాయించారు మేడమ్. ఆ పేజీ రాయడం నాకు ఇష్టం లేదు, నా ఆధారాన్ని నేనే తిట్టుకున్నట్టు అనిపించింది. పీజీలో చేరాక ఆ పేజీనే అందరూ మెచ్చుకున్నారు.

ఉద్యోగాల గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. సిఫార్సు లేఖ గురించి మాత్రం ఒక మాట. పై చదువులకు వెళ్లేటప్పుడు నా లేఖలో మేడమ్ ఆ గడియారాల కథంతా రాశారట, నేను ఎలా తప్పు చేశానో, ఎలా దిద్దుకున్నానో సహా. పేరు పెద్దదైనా, మీ ముఖం గుర్తులేని ప్రొఫెసర్ రాసే నాలుగు మర్యాద వాక్యాల కంటే అది నాకు ఎక్కువ పనికొచ్చింది. ఇంకోటి, పరిశోధన వైపు వెళ్లాలనుంటే ఒక భాష ఇప్పుడే మొదలుపెట్టండి. మా కాలేజీలో ఆ వీలు లేదు, నేనూ బద్ధకించాను. ఇరవై ఐదేళ్ల వయసులో క్రియారూపాలు బట్టీ పట్టడం సుఖమైన పని కాదు.

చేరేముందు ఒకసారి ఆ కాలేజీకి వెళ్లండి. ముగ్గురు టీచర్లలో ఎందరు పర్మనెంటో, చివరి ఏడాది డిజర్టేషన్ తప్పనిసరో కాదో అడగండి. వీలైతే ఒక క్లాసులో కూర్చోండి. ఆ తర్వాత, పాత విద్యార్థులు రాసిన వ్యాసాలో డిజర్టేషన్ చిత్తుప్రతులో ఏమైనా ఉంటే చూపించమనండి. మీరు చూడాల్సింది మార్జిన్లు. వాటి నిండా రాతలుంటే చేరండి. మొదటి పేజీలో మార్కు, చివరి పేజీలో సంతకం, మధ్యలో అంతా శుభ్రంగా ఉంటే మాత్రం ఇంకో సీటు వెతుక్కోండి.