నెమ్మది సంగీతంలో చిటపటలు

ప్రశ్న: ‘ట్విన్ పీక్స్’ టీవీ ధారావాహిక సంగీతాన్ని ఎల్పీ రికార్డుపై వింటున్నాను. నిశ్శబ్దంగా సాగే చోట్ల చిటపటలు వినిపిస్తున్నాయి. ఒక్కో వైపు చివరికి వచ్చేసరికి ధ్వని గరుకుగా మారుతోంది. లోపం రికార్డుదా, ప్లేయరుదా?

జవాబు: రెండింటిదీ కాకపోవచ్చు. ఏంజెలో బడలమెంటి కూర్చిన ఆ సంగీతంలో (1990) స్వరాలు దీర్ఘంగా సాగి, మధ్యలో చాలా ఖాళీని వదులుతాయి కనుక, హోరెత్తే పాటలో మరుగున పడిపోయే దుమ్ము చప్పుడు కూడా ఇక్కడ బయటపడుతుంది. వినే ముందు ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్‌తో రికార్డును తుడవండి. కొద్దిపాటి చిటపట అప్పటికీ మిగిలితే, ఆ చీకటి సంగీతానికి అది పరాయిదిగా, నా చెవికైతే, తోచదు.

గరుకుదనం సంగతి వేరు. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే 12 అంగుళాల రికార్డులో ముల్లు కింద గాడి వెలుపలి అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు కదిలితే, లోపలి చివర ఆ వేగం సుమారు 20కి పడిపోతుంది. అంతే సేపటి ధ్వని తక్కువ నిడివిలో ఇరుక్కోవడం వల్ల హెచ్చు స్థాయి స్వరాల సన్నని వంపులను ముల్లు సరిగా అనుసరించలేదు. ముల్లు అరిగినా, ముల్లును పట్టి ఉంచే చిన్న భాగమైన కార్ట్రిడ్జ్ అమరిక తప్పినా ఇది మరింత పెరుగుతుంది కాబట్టి, ముందుగా ఆ రెండూ పరీక్షించండి.