కోచ్ పని మానేసి షాపు పెడతానంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ వదిలేసి స్పోర్ట్స్ షాపు పెడుతున్నావని తెలిసింది. వద్దని చెప్పను, పదిహేనేళ్లు కోచ్‌గా చేసి నేనూ ఆ దారిలోనే వచ్చాను. మొదటి ఏడాది నేనెక్కడ దెబ్బతిన్నానో మాత్రం విను.

నన్ను ముంచింది ఉద్దెర. నా దగ్గర ఆడిన పిల్లలే ఇప్పుడు కాలేజీల్లో పీడీలు, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్లు. "సార్, టోర్నమెంట్ ఉంది, ముప్పై బంతులు పంపండి, బిల్లు పాసవగానే ఇచ్చేస్తాం" అంటే కాదనలేకపోయాను. ఒక కాలేజీ డబ్బు పదకొండు నెలలకు చేతికొచ్చింది, ఈలోపు సరుకు ఇచ్చినవాళ్లు ఆగరు కదా, మీ వదిన గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. అందుకే ఎంత ప్రియశిష్యుడైనా సరే ఆర్డర్ కాగితం మీద తీసుకో, సగం అడ్వాన్స్ అడుగు. మొదట్లో గొంతు పెగలదు, అయినా అడుగు.

సరుకు ఫోన్‌లో తెప్పించకు, జలంధర్‌కో మీరట్‌కో నువ్వే వెళ్లు. ఆట సామాను తయారీ అక్కడే ఎక్కువ. దేశ విభజనప్పుడు ఇప్పటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వచ్చినవాళ్లు జలంధర్‌లో పెంచిన పని అది, మంచిదీ నాసిరకమూ పక్కపక్కనే దొరుకుతాయి. టేపు, చిన్న కాటా వెంట పెట్టుకో. పెద్దవాళ్లు ఆడే సైజు 5 ఫుట్‌బాల్ చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలి. గాలి కొట్టించి, వాల్వ్ మీద తడి చేసి చూడు, బుడగ వస్తే పక్కన పెట్టెయ్. రాత్రంతా ఉంచి పొద్దున బొటనవేలితో నొక్కు: లోపల గాలి నిలిపే బ్లాడర్ లేటెక్స్‌ది అయితే కాస్త మెత్తబడుతుంది, అది తప్పు కాదు, బ్యూటైల్ రబ్బరుది అయితే గట్టిగానే ఉండాలి. తర్వాత నేల మీద గిరగిరా తిప్పు, వంకర ఉంటే ఊగుతుంది. ఇన్నేళ్లు బంతి పట్టిన చెయ్యి నీది, షాపుకొచ్చేవాళ్లు దాన్ని నమ్మే వస్తారు.

స్టడ్స్, అదే ఫుట్‌బాల్ బూట్లు, అన్ని సైజులూ సమానంగా కొనకు, నా దగ్గర 7, 8, 9 పోతాయి, 11 మూడేళ్లుగా అటక మీదే ఉంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ రూపాయి ఇవ్వకు.

మనుషుల్లో ఎవరిని ఎక్కడ పెట్టాలో కోచ్‌గా నీకు తెలుసు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో మన జట్టు కోచ్ రహీమ్ సాబ్, తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడిస్తే గోల్ కొట్టాడు. కస్టమర్‌తో మాట్లాడలేక తడబడే కుర్రాడొకడు మా కౌంటర్‌లో ఉండేవాడు, వాణ్ని లోపల రాకెట్ల గట్టింగ్‌కి, అంటే తీగలు బిగించే పనికి, కూర్చోబెట్టాను. ఇప్పుడు వాడి చెయ్యి కోసమే పక్క ఊళ్ల నుంచి వస్తున్నారు.

కొనాల్సిన లిస్టు రాసి పంపు, చూస్తాను. జలంధర్ టికెట్ తీసేటప్పుడు నాకూ ఒకటి తియ్యి.