సమాధానం: భుజాలు రెట్టింపు చేసే పద్ధతిలో పై (π) విలువ ఎందుకు సున్నా అవుతోందంటే

మీ ఎక్సెల్ షీట్‌లో పై (π) విలువ ముందు బాగానే వచ్చి, వృత్తంలో గీసిన బహుభుజి భుజాల సంఖ్యను రెట్టింపు చేస్తూ పోతే చెడిపోయి చివరికి సున్నా చూపిస్తోందన్నారు. టెన్షన్ పడకండి, తర్కం సరైనదే. తప్పంతా ఆ తీసివేతలో ఉంది.

మీరు రాసిన సూత్రం: కొత్త భుజం = √(2 − √(4 − భుజం²)). భుజం చిన్నదయ్యేకొద్దీ లోపలి వర్గమూలం దాదాపు 2 అవుతుంది. 2లోంచి 2 తీసేస్తే ఎక్సెల్ దాచుకునే 15 అంకెల్లో మిగిలేదేముంది?

సమర్‌ఖండ్‌లో పాలకుడు ఉలుగ్ బేగ్ దగ్గర పనిచేసిన గణిత శాస్త్రవేత్త జంషీద్ అల్-కాషీ 1424లో ఈ గుంటలో పడలేదు. ఆయన భుజాన్ని కాకుండా, భుజం కోసిన చాపం పోగా అర్ధవృత్తంలో మిగిలిన చాపపు జ్యాను (చాపం రెండు కొనల్ని కలిపే సరళరేఖను) లెక్కించుకుంటూ వెళ్లాడు. వ్యాసార్ధం 1 అనుకుంటే కొత్త జ్యా = √(2 + పాత జ్యా). అంతా కూడికే! త్రిభుజంతో, అంటే జ్యా 1తో మొదలుపెట్టి 28 సార్లు చేస్తే 80,53,06,368 భుజాలు. తీసివేత చివర్లో ఒక్కసారే, ఆ జ్యా నుంచి భుజాన్ని రాబట్టేందుకు. దానికి సరిపడా అంకెలు ముందే ఉంచుకున్నాడు, అదీ షష్ట్యంశ (60 ఆధారంగా అంకెలు రాసే) పద్ధతిలో, చేత్తో. విశ్వమంత వృత్తంలోనూ తప్పు గుర్రపు వెంట్రుక మందం దాటకూడదని ఆయన పట్టుదల. π విలువను 16 దశాంశాల దాకా సాధించాడు. యూరప్‌లో గణిత శాస్త్రవేత్త లుడోల్ఫ్ 1596లో గానీ దాన్ని దాటలేదు.

ఎక్సెల్‌కు ఆ ఒక్క తీసివేత కూడా ఎక్కువే. అందుకని మీ గడిలో ఇలా మార్చండి: కొత్త భుజం = భుజం ÷ √(2 + √(4 − భుజం²)). బీజగణితం ప్రకారం మీ సూత్రమే ఇది. మొదటి భుజం √3 పెట్టండి, 14 అంకెల దాకా నిలకడగా వస్తుంది.